కొత్తగూడ ఎత్తు దగ్గర ఆగిన కారు

"ఏమనుకోకండి అంకుల్, దీన్ని స్క్రాప్‌కి ఇచ్చేయండి" అన్నాడు ఆ కుర్రాడు. తన కొత్త చిన్న కారు ఆపి, ఏసీ చల్లదనం బయటికి పోతుందేమోనని అద్దం సగమే దించి అన్నాడు. నేను బానెట్ లేపి నిలబడి ఉన్నాను. మా చిన్నమ్మాయి టిఫిన్ డబ్బా సంచీ భుజానికి తగిలించుకుని, రోడ్డు పక్కన చేతి గడియారం చూసుకుంటోంది. ఏమనుకోకండి అని ముందే చెప్పి అనే మాటలన్నీ ఏదో ఒకటి అనుకోవలసినవే. అనుకున్నాను. వాడు నిజంగా సాయం చేయదలిస్తే చేయగలిగింది ఒక్కటే, అమ్మాయిని ఎక్కించుకుని అదే రోడ్డు చివర దించడం. అది అడగలేదు. సలహా ఇచ్చి అద్దం ఎక్కించుకుని పోయాడు.

హైటెక్ సిటీలో గుండ్రటి భవనం తెరిచిన కొత్తలో సంగతి ఇది. చుట్టూ ఇంకా బండరాళ్లే. రాయదుర్గం వైపు రాళ్లు పేల్చినప్పుడల్లా కొండాపూర్ దాకా కిటికీలు గడగడలాడేవి. రోడ్డంతా తెల్లటి రాతి దుమ్ము. మేం ఉండేది మియాపూర్‌లో, బస్ డిపో వెనక. డిపో వెనక ఉంటే బస్సులకు కొదవ ఉండదని అనుకుంటారు. ఖాళీ బస్సులు మా కళ్ల ముందే డిపోలోంచి బయటికి వచ్చి, మా దగ్గర ఆగకుండా పోయి, ఎక్కడో జనాన్ని నింపుకుని, వేలాడుతున్న మనుషులతో మళ్లీ మా ముందునుంచే వెళ్లేవి. అప్పుడు మాత్రం ఆగేవి. ఎక్కడానికి కాలు పెట్టే చోటు కూడా ఉండని బస్సును ఆపడం ఎందుకో నాకు ఈ రోజుకీ తెలియదు.

మా అమ్మాయి డిగ్రీ తెలుగులో చదివింది. టైపు నేర్చుకుంది. ఇంగ్లీషు మీడియం పిల్లలతో నిండిన హాల్లో పరీక్ష రాసి ఆ భవనంలో ఉద్యోగం తెచ్చుకుంది. అమెరికా డాక్టర్లు రోగుల గురించి టేపుల్లో చెప్పిన మాటలు చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, కంప్యూటర్‌లో కొట్టే పని. మొదటి వారం ఇంటికొచ్చి మందుల పేర్లు నిద్రలో కూడా కలవరించింది. మా వంశంలో ఇంగ్లీషుతో జీతం తెచ్చుకున్న మొదటి మనిషి అది. అయితే ఉద్యోగం ఖాయం కాకముందు ఉండే పరీక్షాకాలంలో మూడుసార్లు ఆలస్యమైతే మూడోసారి గేటు నుంచే వెనక్కి పంపుతారట, ఇక ఆ ఉద్యోగం లేనట్టే. సంతకాలు పెట్టి ఒప్పుకున్న షరతు. ఒకసారి బస్సు వల్ల అయింది. అప్పుడు నేనన్నాను: "బస్సు జోలికి పోవద్దు బిడ్డా. నేను దింపుత."

దింపాను. దసరా దాకా ఒక్కనాడూ తేడా రాలేదు. దసరా తర్వాత, కొత్తగూడ దగ్గర ఎత్తు ఎక్కాక, కారు రెండు మూడుసార్లు దగ్గి ఆగిపోయింది. స్క్రాప్ సలహా ఇచ్చిన కుర్రాడు పోయాక, ఎవరో పాల వ్యాను ఆయన మా అమ్మాయిని ఎక్కించుకుని పోయినా అప్పటికే ఆలస్యమైంది. అలా రెండోసారి. ఇక ఒక్కటే మిగిలింది. ఆ సాయంత్రం అమ్మాయి వాళ్ల సూపర్‌వైజర్ మాటలు అప్పజెప్పింది: "నెక్స్ట్ టైం నేనేం చేయలేనమ్మా, ఏమీ అనుకోవద్దు." అక్కడా అదే ఏమీ అనుకోవద్దు.

కారు గురించి చెప్పాలి. నేను జీడిమెట్లలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో మెయింటెనెన్స్ షాపులో లేత్ మీద పని చేశాను. ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు మేనేజరు తన పాత కారు అమ్మితే నేను కొన్నాను. బడి ఐదో తరగతితో ఆగింది. ఇంగ్లీషు నేర్చుకున్నది యంత్రాలతోపాటు పెట్టెల్లో వచ్చే పుస్తకాల నుంచి. బొమ్మ చూసి మాట నేర్చుకున్నాను కాబట్టి ఏ మాటా మరిచిపోలేదు. కారు పుస్తకం అట్ట ఊడిపోయేదాకా చదివాను. అందులో చెప్పిందేమంటే, ట్యాంకు వెనక ఉంటుంది. ఇంజను పక్కనున్న పంపు అక్కడినుంచి పెట్రోలు లాక్కొస్తుంది. కార్బొరేటర్ దాన్ని గాలిలో చిలికి ఇంజనుకు అందిస్తుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డం పడినా బండి ఆగుతుంది. ఇంతే సంగతి. ఇంత చిన్న సంగతి మీద మియాపూర్‌లో ఎంతమంది పెద్దలు ఎన్ని తీర్పులు చెప్పారో వినండి.

ముందు మా చౌరస్తా మెకానిక్. బానెట్ లేపకుండానే, ఫెండర్ మీద చెయ్యి వేసి నాడి చూసినట్టు చూశాడు.

"చాచా, కార్బొరేటర్ ఖతమైంది. కొత్తది ఎక్కిద్దాం."

"తెరిసి సూసినవా?"

"తెరిసేదేముంది? బండి ఉమర్ చూస్తేనే ఎర్కయితది."

"మరి నా ఉమర్ చూసి నన్ను గూడ ఖతమంటవా?"

"నీకు స్పేర్లు దొరకయి చాచా. గందుకే అంటలేను."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు. తెరిచి చూడకుండా మార్చేయడం ఒక పద్ధతి అయిపోయింది ఆ రోజుల్లోనే. ఇల్లయినా, బండయినా, మనిషయినా.

కార్బొరేటర్‌ను నేనే విప్పాను, మా ముందుగదిలో, పాత పేపర్ల మీద. లోపల చిన్న తొట్టి ఉంటుంది, అందులో పెట్రోలు మట్టం చూసే తేలే బుడ్డి, మట్టం నిండగానే దారి మూసే సూది. తొట్టి అడుగున చారెడు కాదు, చిటికెడు మడ్డి కూడా లేదు. సూది సాఫీగా ఆడుతోంది. సన్నటి దారులన్నీ నోటితో ఊది చూశాను. నోరంతా పెట్రోలు రుచి. మా ఆవిడ వంటింటి గడపలో నిలబడి చూసింది.

"గిదేందయ్యా, కూర గిన్నెల పెట్రోలు పోసినవా?"

"గిన్నె కాదు. నీ పాత పళ్లెం."

"రేపు గా పళ్లెంలనే బువ్వ పెడత. తిని బండి లెక్క ఉరుకు."

బిగించి స్టార్ట్ చేస్తే ఇంటి ముందు ఎంతసేపైనా చక్కగా ఆడింది. ఫిల్టరు మార్చాను. పంపు విప్పి లోపలి రబ్బరు పొర వెలుతురుకు పట్టి చూశాను, ఎక్కడా చీలిక లేదు. పైపు ఈ చివర నుంచి ఆ చివరికి ఊదాను. ఇంటి దగ్గర రోగమే లేదు. రోడ్డెక్కి కొంత దూరం పోయాక, కొత్తగూడ వచ్చేసరికి, ఆకలైనవాడిలా ఆగుతుంది. కాసేపు ఊరికే నిలబడితే తనంతట తానే మళ్లీ స్టార్టవుతుంది. బండికి తిక్క అన్నారు. యంత్రానికి తిక్క ఉండదు. తిక్క ఉన్నదని చెప్పేవాడికి ఉంటుంది.

ఇంకొందరు వేడి అన్నారు. ఇంజను వేడికి పైపులోనే పెట్రోలు ఆవిరైపోయి పంపుకు అందదని, పంపు మీద తడిగుడ్డ కప్పాలని. ఎండాకాలంలో లారీలవాళ్లు, టాక్సీలవాళ్లు చేసే పనే అది, నేనూ చేశాను. కానీ అప్పటికి చలి మొదలైంది. పొద్దున్నే జనం మఫ్లర్లు చుట్టుకుని తిరుగుతున్నారు. ఆ చలిలో పెట్రోలు ఎలా ఆవిరవుతుందని ఒక్కడూ ఆలోచించలేదు. అయినా గోనె ముక్క తడిపి కప్పాను. కప్పినా ఆగింది. నా చెయ్యి మాత్రం చల్లబడింది.

ఈ గొడవలో ఉద్యోగం పోకుండా చేసిన ఉపాయం ఒక్కటే, బాగా ముందు బయల్దేరడం. ఎత్తు దగ్గర ఆగినా, నిలబడి, మళ్లీ స్టార్టయి, సమయానికి చేరేలా. మబ్బున్నే, ఇంకా తెల్లారకముందే లేచి ఆ పిల్ల తలకు నూనె రాసుకునే తీరిక కూడా లేకుండా వచ్చేది. కారులో నిద్రపోయేది. కారు ఆగగానే లేచేది.

ఒకరోజు దారిలో కొండాపూర్ బంకులో పెట్రోలు పోయించాను. ఆ రోజు ఎత్తు దగ్గర ఆగలేదు. గేటు దాకా దగ్గు కూడా లేకుండా పోయింది. నాకు దొంగ దొరికాడనిపించింది. రోజూ పోయించేది మా మియాపూర్ దగ్గరి బంకులో. అంటే అక్కడి పెట్రోల్లో కల్తీ. ఆ కాలంలో కిరసనాయిలు కలపని బంకు ఏదో చెప్పమంటే జనం ఆలోచించేవాళ్లు. నేను తిరుగు దారిలో నేరుగా అక్కడికే పోయాను. బంకాయన కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్నాడు.

"నీ పెట్రోల్ల కిరసనాయిలు కలిపినవ్" అన్నాను.

"పెద్దమనిషీ, జర మెల్లగ మాట్లాడు. గిరాకీ నిలబడ్డది."

"గిరాకీ ఇనాల్నే గట్టిగ మాట్లాడుతున్న."

ఆయన పేపరు మడిచాడు. "పొద్దుందాక ఇన్ని బండ్లు పోసుకుంటున్నయి. ఆటోలు, స్కూటర్లు, నీ పక్కింటోళ్ల వ్యాను. ఒక్కటన్న ఆగిందా? నీదొక్కటే ఎందుకాగుతది? నువ్వే చెప్పు."

జవాబు లేనప్పుడు నా గొంతు ఇంకా పెరుగుతుంది. పెరిగింది. స్కూటర్లవాళ్లు ఇద్దరు లైన్లోంచి తప్పుకుని వెళ్లిపోయారు. ఆయన ఆ రోజు కల్తీ చేశాడో లేదో తర్వాత తేలింది కానీ, నేనన్న మాట ఈ రోజుకీ వెనక్కి తీసుకోను. ఎప్పుడూ కలపలేదని ఆయనా ప్రమాణం చేయలేదు.

ఆ సాయంత్రం ట్యాంకులోని పెట్రోలంతా ప్లాస్టిక్ డబ్బాల్లోకి దించి పక్కన పెట్టాను. కొండాపూర్ పోయి ట్యాంకు నిండా, మూత దాకా, అక్కడి పెట్రోలు పోయించాను. ఇంటికొచ్చి గెలిచినవాడిలా అన్నాను: "రేపటి నుంచి మబ్బున్నే లేవద్దు. మామూలు టైంకే పోదాం."

అమ్మాయి నా ముఖం చూసింది. "పక్కానా నాయినా?"

"పక్కా."

నమ్మింది పాపం. పొద్దున తీరికగా జడ వేసుకుంది, పూలు కూడా పెట్టుకుంది.

ఆ రోజు ఎత్తు ఎక్కాక కాదు, ఎత్తు మొదట్లోనే ఆగిపోయింది కారు. ఎప్పటికంటే ముందు. మంచి పెట్రోలు పోసిన రోజున ఎప్పటికంటే ముందు! పక్కకు తీసి దిగాను. నాకు వచ్చిన కోపం ఎవరి మీద చూపాలో తెలియక బానెట్ గట్టిగా లేపితే కడ్డీ ఊడి నెత్తిన పడబోయింది. అమ్మాయి దిగి, చున్నీ భుజాన సర్దుకుని, ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది.

"ఇయ్యాల గూడనా, నాయినా" అంది, అంతే.

ఆటోలు లేవు ఆ వైపు. వచ్చిన ఒక్క బస్సు తలుపు బయట కూడా మనుషులున్నారు, ఆగకుండానే పోయింది. రోజులాగా నిలబడి చూసే సమయం లేదు. కార్బొరేటర్ దగ్గర పైపు విప్పి అమ్మాయిని సెల్ఫ్ కొట్టమన్నాను. పైపులోంచి చుక్క రాలేదు. అంటే పెట్రోలు ముందుకు రావడం లేదు. నిండు ట్యాంకు, మంచి పంపు, శుభ్రమైన పైపు, చుక్క లేదు. రాత్రి ఎవడో ట్యాంకులో పైపు పెట్టి పెట్రోలు గుంజుకుని పోయాడేమో అని వెనక్కి వెళ్లి మూత తిప్పాను.

సుయ్‌మని పెద్ద చప్పుడైంది. మూత నా చేతిలో ఉండగానే, ట్యాంకు బయటి గాలిని గబుక్కున లోపలికి పీల్చుకుంది.

"ఏందది? పాము బుస లెక్క ఇనొచ్చింది" అంటూ అమ్మాయి వచ్చింది.

లోపల పెట్రోలు గొంతు దాకా ఉంది. ఎవరూ దొంగతనం చేయలేదు. నేను మూత వంక చూస్తూ నిలబడ్డాను. "గాలి లోపటికి వొయ్యింది" అన్నాను.

"ఎందుకు వొయ్యింది?"

"లోపట ఖాళీ అయింది గనక."

"పెట్రోలు నిండ ఉంది గద?"

"పంపు గుంజినంత బయిటికి వొయ్యింది. దాని జాగల గాలి రావాలె. రాలే. గందుకే..."

"నూనె డబ్బాకు అమ్మ రెండు బొక్కలు పెడ్తది గద, గట్లనా? ఒక్కటే పెడితే నూనె రాదు."

అట్లనే. సరిగ్గా అట్లనే. పెట్రోలు బయటికి పోయే దారి ఒకటి, గాలి లోపలికి వచ్చే దారి ఒకటి. ఆ రెండో దారి మూతలోనే ఉంటుంది, సూది మొన పట్టేంత చిల్లు. పుస్తకంలో బొమ్మ కూడా ఉంది. ఇన్ని రోజులు ముందున్న ఇంజనునే విప్పి చూస్తున్నాం అందరం. వెనకున్న మూతను రోజూ నేనే తీస్తున్నాను, మీటరు పాడైంది కాబట్టి పొద్దున్నే ఇంటి దగ్గర ట్యాంకులో పుల్ల పెట్టి మట్టం చూడటానికి. తీసిన ప్రతిసారీ గాలి నిండేది. అందుకే ఇంటి దగ్గర రోగం లేదు. కొండాపూర్ బంకులో పోయించడానికి తీశాను, అందుకే ఆ రోజు ఆగలేదు. కాసేపు నిలబడితే పంపుకు చాలినంత గాలి ఎక్కడినుంచో మెల్లగా చొరబడేది, అందుకే మళ్లీ కదిలేది. ఈ రోజు ట్యాంకు నిండుగా ఉందని పొద్దున మూతే తీయలేదు, లోపల గాలికి జాగానే లేదు, అందుకే ఇంకా ముందు ఆగింది.

మూత తిప్పి చూస్తే చిల్లు కనబడలేదు. గోటితో గీరాను. గోరు పసుపుపచ్చగా వచ్చింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పసుపు వాసన.

దసరా నాడు మా ఆవిడ కారుకు పూజ చేసింది. ముందు అద్దం మీద పెద్ద బొట్టు పెట్టబోతే నేను కసిరాను, రోడ్డు కనబడదని. ఆమె అలిగి, బొట్టు గిన్నె పట్టుకుని కారు చుట్టూ తిరిగింది. "అద్దానికి వద్దంటవ్, లైట్లకు వద్దంటవ్. నోటికి పెడత తియ్యి. తిండి తినేది గాడ్నే గద" అని వెనకున్న పెట్రోలు మూతకు పెట్టింది. ఉత్త పసుపు ఎండితే రాలిపోతుందని నూనెతో కలిపి, కదలకుండా, మెత్తి మరీ పెట్టింది. నేను పైపైన గుడ్డతో తుడిచాను. చిల్లులోకి దిగింది దిగినట్టే ఉండిపోయి, రాయదుర్గం రాతి దుమ్ము దాని మీద చేరి, సిమెంటు కట్టినట్టు కట్టింది. కార్బొరేటర్ మార్చమన్న మెకానిక్కూ, వేడి అన్నవాళ్లకూ, పెట్రోలు అన్న నాకూ, ఎవరికీ బొట్టు గుర్తు రాలేదు.

"పిన్నీసు ఇయ్యి" అన్నాను.

చున్నీకి పెట్టుకున్న పిన్నీసు పీకి ఇచ్చింది. పొడిచి, ఊది, మళ్లీ పొడిచాను. చిల్లులోంచి ఆకాశం చుక్కంత కనబడింది. పైపు బిగించాను. సెల్ఫ్ కొట్టగానే నాలుగు దగ్గులు దగ్గి ఇంజను అందుకుంది. ఎత్తు ఎక్కేసింది. నాకు ఆ సంతోషంలో కూడా కోపం ఆగలేదు, మెకానిక్కును, బంకాయనను, బస్సు డిపోను, రోడ్డు తవ్వి వదిలేసినవాళ్లను వరసగా అందుకున్నాను.

"నాయినా, అందర్ని తర్వాత తిట్టు. ముంగట చూసి నడుపు" అంది మా అమ్మాయి.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. స్టిక్కరు లేని బండి లోపలికి రాకూడదట. నేను వాదన మొదలుపెట్టేలోపే అమ్మాయి తలుపు తీసుకుని దిగి పరుగెత్తింది. జడ ఒకవైపు, చున్నీ ఒకవైపు, భుజాన డబ్బా సంచీ ఎగురుతూ. వెళ్లొస్తానని కూడా అనలేదు. గుండ్రటి భవనం అద్దాల తలుపులో కలిసిపోయింది.

అక్కడి గడియారం ఎంత చూపించిందో నాకు తెలియదు. నా గడియారం, దాని గడియారం, ఆ ఆఫీసు గడియారం ఎప్పుడూ ఒకటిగా లేవు. అందుకని నేను పోలేదు. ఆలస్యమైందంటే వెనక్కి పంపుతారు. వెనక్కి వస్తే ఆ పిల్ల ఒక్కతే బస్సు కోసం నిలబడకూడదు. గేటు ఎదురుగా, రోడ్డు అవతల కారు పెట్టి, ఆ అద్దాల తలుపునే చూస్తూ కూర్చున్నాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా కారు దిగబోయేవాణ్ని. ఎవరెవరో వచ్చేవాళ్లు. సిగరెట్టు కాల్చుకోవడానికి, ఫోన్ మాట్లాడటానికి. సెక్యూరిటీ ఆయన రెండుసార్లు వచ్చి అడిగాడు.

"ఏం పెద్దాయనా, ఇంక ఈడ్నే ఉన్నవేంది? ఎవల కోసం?"

"రోడ్డు నీదా?"

"కాదు గని..."

"మరి?"

ఆయన తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. ఎండ ఎక్కింది. రాయదుర్గం వైపు రాళ్లు పేలాయి. నేను ఆ సూపర్‌వైజర్‌తో ఏం మాట్లాడాలో మనసులో కూర్చుకున్నాను. మీ గుండ్రటి మేడకు ఒక్క బస్సు సరిగ్గా వేయించలేని మీరు, మీ గేటు ముందు రోడ్డు వేయించలేని మీరు, నా బిడ్డను ఏ ముఖంతో ఆలస్యమైందని అంటారు అని. ఇంగ్లీషులో కూడా కూర్చాను, రెండు వాక్యాలు.

మధ్యాహ్నం తిండివేళకు తలుపు తెరుచుకుని పిల్లలు గుంపుగా బయటికి వచ్చారు. మెడలో కార్డులు. నవ్వులు. ఆ గుంపు మధ్యలో మా అమ్మాయి, ఇంకో పిల్ల చెప్పేది వింటూ, నోరు తెరిచి నవ్వుతూ. నన్ను చూసి నవ్వు ఆపేసింది. రోడ్డు దాటి వచ్చింది.

"నాయినా! నువ్వింక పోలేదా?"

"టైంకు వొయినవా?"

"పోకపోతే ఇప్పటిదాక లోపట ఎందుకుంట? పొద్దటినుంచి ఎండల గిట్లనే కూసున్నవా? ఏమన్న తిన్నవా?"

"టైంకు వొయినవా అంటే చెప్పవేంది?"

"వొయిన, వొయిన. సార్ అప్పుడే వస్తుండె. ఆయనతోనే లిఫ్ట్ ఎక్కిన." అని డబ్బా నా చేతిలో పెట్టింది. "సగం ఉంది, తినుండ్రి." కోపం వస్తే అది నన్ను మీరు అంటుంది.

వెనకాలే వచ్చిన కోస్తా పిల్ల "నాన్నగారాండి?" అని అడిగింది. మా అమ్మాయి "అవును, దింపడానికి వచ్చారు" అంది, మా ఇంట్లో ఎప్పుడూ వినని భాషలో. తర్వాత నా వైపు వంగి గొంతు తగ్గించింది.

"సాయంత్రం వస్తవు గద. గీ గేటు ముంగట కాదు నాయినా, గా మూల మీద నిలబెట్టు బండి. అందరు చూస్తరు."

మూల మీద! చలిలో కార్బొరేటర్ విప్పింది, బంకులో పోట్లాడింది, పిన్నీసుతో చిల్లు పొడిచింది మూల మీద నిలబడటానికా? నోరు తెరవబోతే ఆ పిల్ల అప్పటికే రోడ్డు దాటి, గుంపులో కలిసి, మళ్లీ నవ్వుతోంది. డబ్బాలోని సగం అన్నం తిన్నాను. సాయంత్రం ఆఫీసు వదిలే వేళకు పోయి, గేటు ముందే, సరిగ్గా మధ్యలో ఆపాను.